పడవ కథలో అడగకూడని ప్రశ్న

తెనాలిలో మా తాతగారి మేడ చేతులు మారి చాలాకాలమైంది. ఇప్పుడందులో బట్టల కొట్టు ఉంది. రోజూ దాని ముందునుంచే ఇస్త్రీ చొక్కాతో, తల దించకుండా నడిచి రేపల్లె రైలు ఎక్కుతాను. తప్పు ఒప్పుకోవడం మా ఇంటావంటా లేదు.

రేపల్లె దాటాక సముద్రం వైపు ఊళ్లో నేను ఇంగ్లీషు మాస్టారిని. పిల్లలు పాఠం చదివేవారు గానీ మాట్లాడమంటే నోరు విప్పేవారు కాదు. అందుకని చేపల వేటకెళ్లే నాన్న, ఆయన్ని సాగనంపే కూతురు ఉన్న ఒక పడవ కథ మొదలుపెట్టాను. సగం తరగతిలో చెప్పేవాణ్ణి. తక్కినది సాయంత్రం వాళ్ల అమ్మల ఫోన్లకు వాట్సాప్‌లో నా గొంతుతో వెళ్లేది. తరవాత ఏం జరిగిందో పిల్లలు ఇంగ్లీషులో చెప్పి పంపాలి, మర్నాడు బడి గోడ మీద దాని బొమ్మ వెయ్యాలి. నెల తిరిగేసరికి గోడ సగం నిండింది. బాపట్లలో అధికారుల ముందు పిల్లల చేత ఆ కథ చెప్పించమని కబురొచ్చింది.

సరిగ్గా అప్పుడే జవాబులు ఆగిపోయాయి. అందరికంటే బాగా చెప్పే పిల్లని అడిగితే, "అమ్మ ఫోను ఇవ్వట్లేదండి" అంది.

వాళ్లింటికి వెళ్లాను. తల్లి గుమ్మం ముందు ఎండుచేపలు ఎత్తుతోంది.

"వేటకెళ్లే మనిషిని ఎక్కడికని అడుగుతారా మాస్టారూ? మీ కథలో పిల్ల అడిగిందంట. ఇదీ పొద్దున్నే వాళ్ల నాన్నకి ఎదురెళ్లి ఇంగ్లీషులో అడిగి, అర్థం కూడా చెప్పింది. ఆయన వల దించేసి ఇంట్లో కూర్చున్నాడు. ఊరంతా ఫోన్లు దాచేశారు."

పక్కింటి ముసలమ్మ నవ్వింది. "ఇంగ్లీషులో అడిగితే సముద్రానికి తెలవదనుకున్నారేమో!"

మా నాయనమ్మా అంతే. బయల్దేరిన వాళ్లని "దూరమా?" అనేదే తప్ప ఎక్కడికని అడిగేది కాదు. ఇంగ్లీషు పాఠాల్లో మొదట వచ్చే ప్రశ్న కదా అని ఆలోచించకుండా పెట్టేశాను.

"తప్పు నాదేనమ్మా" అన్నాను. మా ఇంట్లో ఎవరూ అనని మాట అది. "మరి వేటకెళ్లేటప్పుడు మీరేమంటారు?"

"వెళ్లిరా అంటాం."

అక్కడే నిలబడి ఆ ముక్క మార్చి మళ్లీ రికార్డు చేశాను. "గో అండ్ కమ్ బ్యాక్, నాన్నా." ఆవిడ రెండుసార్లు విని, తనూ పలికి చూసుకుని, ఫోను కూతురి చేతిలో పెట్టింది.

బాపట్లలో కథ మధ్యలో ఒక అధికారి ఆపి, ఎక్కడికి వెళ్తున్నావని నాన్నని అడగాలి కదమ్మా అన్నారు. మా ఊళ్లో అలా అడగరని, ఎందుకు అడగరో కూడా ఆ పిల్ల ఇంగ్లీషులోనే తడబడకుండా చెప్పింది. ఇదంతా ఎవరు నేర్పారని అడిగారాయన.

"మా అమ్మ, మా మాస్టారు" అంది.

వెనక వరసలో నిటారుగా కూర్చున్నాను. నా పేరు రెండోది కావడం నాకు బాగానే అనిపించింది.