గంగాధర్ ఫోటోకు వేసిన దండ

నేనొక మనిషిని చంపాను. కంగారు పడకండి, వాడు బాగానే ఉన్నాడు. కరీంనగర్‌లో ఒక బట్టల షోరూమ్ పై అంతస్తులో పెళ్లిచీరలు విప్పి చూపిస్తుంటాడు. నేను చంపింది ఫోన్లో, అదీ వాడికి ఉద్యోగం ఇచ్చిన రోజునే. ఆ దెబ్బకు కరీంనగర్ నుంచి దుబాయ్ దాకా జనం ఏడ్చారు. అంత చేసి కూడా తన్నులు తినకుండా ఎలా బయటపడ్డానో చెబుతాను, వినండి.

అప్పుడు నేను కొత్తగా ఎంబీఏ పూర్తిచేశాను. చేతిలో మూల పగిలిన ఫోను, బుర్రలో పగలని గర్వం. మా సేటు కొత్త షోరూమ్ తెరుస్తూ సేల్స్‌మన్లను వెతికే పని నాకు అప్పగించాడు. పేపర్లో ప్రకటన వేయమన్నాడు పాపం. నేను వింటానా?

"గదంతా పాత జమాన సేటూ. ఇప్పుడు మనుషులు దొరికేది వాట్సాప్‌ల."

"చీరలమ్మేటోడు ఫోన్ల దొరుకుతడారా శ్రీకాంతూ?"

"మనిషి దొరుకుతడు, షాపుకు పేరు గూడ వస్తది. ఫికర్ జెయ్యకు."

"సరే తియ్యి. నా ఇజ్జత్ మాత్రం జర పైలం."

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బయోడేటా పంపమంటే ఒకాయన తన ట్రాక్టర్ ముందు నిలబడ్డ ఫోటో పంపాడు. ఇంకొకాయన వంశచరిత్ర మొత్తం వాయిస్ మెసేజ్‌లో చెప్పి, చివర్లో ఉద్యోగం సంగతి మరిచిపోయాడు. ఇప్పుడు ఇవన్నీ యాప్‌లే వడపోస్తున్నాయి. పని సులువైంది కానీ, ఆ ట్రాక్టర్లు మాత్రం కనబడటం లేదు.

అలా దొరికినవాడే గంగాధర్. ఇచ్చోడ పక్క పల్లె. ఊళ్లో సిగ్నల్ అందక వాటర్ ట్యాంకు మెట్లెక్కి వీడియో కాల్లో ఇంటర్వ్యూ ఇచ్చాడు. ఏదైనా ఒకటి నాకు అమ్మి చూపించమన్నాను. భుజం మీద తువ్వాల తీసి కెమెరా ముందు పరిచాడు.

"సార్, గీ తువ్వాల మా బాపు దుబాయ్ నుంచి పంపిండు. నాలుగేండ్లాయె, రంగు పోలే. బాపుకే లీవ్ దొరుకుతలేదు, తువ్వాల మాత్రం వచ్చింది. పట్టుకొని చూస్తే ఇడువబుద్ధి కాదు సార్."

అంత దూరం నుంచి పట్టుకునే వీలుంటే కొనేసేవాణ్ణే.

"నౌకరి ఎందుకు గావాలె?" అని అడిగాను.

"నాకు నౌకరి దొరికితే బాపును వాపస్ రమ్మంట సార్. ఇగ చాలు ఆడ."

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి "నువ్వు సెలెక్ట్" అన్నాను. వాడు ఏడ్చినంత పని చేశాడు. అక్కడితో ఆగి ఉంటే నేను మంచివాణ్ణి అయ్యేవాణ్ణి. కానీ షాపుకు పేరు తెస్తానన్నాను కదా, మా షోరూమ్ మొదటి ఉద్యోగికి ఫోన్లోనే ఒక పోస్టర్ తయారుచేశాను. ఉచిత యాప్‌లో పూలని వెతికితే బంతిపూల దండ చుట్టూ ఉన్న ఫ్రేమ్ దొరికింది. అటొక దీపం, ఇటొక దీపం. శుభమా అంటూ దీపాలున్నాయి, ఇంకేం కావాలి? నడిమధ్యలో గంగాధర్ ఆధార్ కార్డు ముఖం పెట్టాను. కింద మా షాపు పేరు, "సేల్స్‌మన్ గంగాధర్" అని నల్లగా, "అభినందనలు" అని మాత్రం పసుపు మీద పసుపు అక్షరాలతో రాశాను.

మా వైపు పుట్టినరోజుకైనా, పదవికైనా, చావుకైనా ముందు లేచేది ఫ్లెక్సీయే. పుట్టినరోజు ఫ్లెక్సీలో నల్లద్దాలు, చుట్టూ యాభైమంది దోస్తులు ఉంటారు. పూలదండలో ఒక్కడే నవ్వకుండా ఉన్నాడంటే అర్థమేమిటో చౌరస్తాలో పల్లీలు తినే పిల్లలకు కూడా తెలుసు. ఆ చౌరస్తాల్లోనే పెరిగిన నాకు ఆ రోజు తట్టలేదు. ఇచ్చోడ వైపు గ్రూపులన్నిటిలో పోస్టర్ వదిలి చాయ్ తాగడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి ఫోను నిండా దండం పెట్టే చేతులు. ఎంత మర్యాదస్తులో అని మురిసిపోయాను. "మస్తు మంచోడు" అని ఒకరు. "మొన్ననే మాట్లాడిండు, నమ్మబుద్ధి అయితలేదు" అని ఇంకొకరు. ఉద్యోగం దొరకడమంటే ఈ రోజుల్లో నమ్మబుద్ధి కాదు మరి అనుకున్నాను. ఇంతలో సేటు ఫోన్.

"ఎవడురా సచ్చింది?"

"ఎవరు సేటూ?"

"మన షాపుల సేల్స్‌మన్ సచ్చిండని ఇచ్చోడ దాక మోగుతాంది. ఇంక ముగ్గురు పిలగాండ్లు నౌకరికి రామని ఫోన్ జేసిండ్రు. ఆ షాపు అచ్చిరాదంటున్నరట."

అప్పుడు నా పోస్టర్ నేనే మళ్లీ చూశాను. చూడగానే నాకూ దండం పెట్టాలనిపించింది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మాకు షాపు తెరవలేదు, చీర మడత విప్పలేదు, సేల్స్‌మన్‌కు సంతాప సభ.

వెంటనే పోస్టర్ తీసేశాను. అప్పటికే అది నాకు తెలియని గ్రూపులన్నీ తిరుగుతోంది. "గంగాధర్ బతికే ఉన్నాడు" అని పెద్ద అక్షరాలతో పెట్టాను. "అవును సారు, మా గుండెలల్ల ఎప్పటికి బతికే ఉంటడు" అని జవాబొచ్చింది. గంగాధర్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్.

"వాన్ని బతికున్నోన్ని నాకు సూపియ్యి," అన్నాడు సేటు. "లేకుంటే వాని నౌకరి లేదు, నీ నౌకరి లేదు."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, నిర్మల్‌లో మారి, ఇచ్చోడలో దిగి ఆ పల్లెకు చేరాను. గంగాధర్ ఇంటికి తాళం, తల్లి శవాన్ని తేవడానికి పోయిందని ఊరివాళ్ల లెక్క. వాకిట్లో టెంటు, కుర్చీలు, ఒక పక్క గంపెడు పూలదండలు. పక్కింటి పోశెట్టి తాత పెద్దమనిషిగా కూర్చుని ఉన్నాడు. నేను షోరూమ్ నుంచి వచ్చానని చెప్పాను.

"నౌకరిల చేరకముందే పానం పోయింది. గంత పని ఏం జేపిచ్చిండ్రు సారు?"

"ఏం కాలే తాతా, బతికే ఉన్నడు."

"అందరం గట్లనే అనుకుంటం బిడ్డా. కూసో, చాయ్ తాగు."

అప్పుడే ఇంకో పిడుగు పడేశాడు. గంగాధర్ బాపు నర్సయ్య దుబాయ్‌లో ఆ ఫోటో చూసి కుప్పకూలాడట. కొడుక్కు ఫోన్ కలవలేదు, ఊరివాళ్లకు చేస్తే ఇంటికి తాళం ఉందని చెప్పారు. ఇన్నేళ్లూ లీవు ఇవ్వని కంపెనీ ఆ ఏడుపు చూసి అప్పటికప్పుడు విమానం ఎక్కించింది. హైదరాబాద్‌లో దిగి కారులో వస్తున్నాడు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

ఇంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి గంగాధర్, వాడి తల్లి లచ్చవ్వ దిగారు. ఉద్యోగం వస్తే బాసర వస్తానని మొక్కుకున్నాడట. నా ఫోన్ రాగానే తల్లిని తీసుకుని బయల్దేరి, రాత్రి అక్కడే ఉండిపోయాడు. ఛార్జర్ మాత్రం ఇంట్లోనే ఉంది.

లచ్చవ్వ టెంటును చూసి లడ్డూల సంచి గుండెకు హత్తుకుంది. "మా ఇంట్ల ఎవరు సచ్చిండ్రే?"

పోశెట్టి తాత గంగాధర్ వైపు వేలు చూపించాడు, ఆ వేలు దించడం మరిచిపోయాడు. ఒకాయన వంగి వాడి పాదాలు ముందుకే ఉన్నాయా అని చూసి వచ్చాడు. నేను తడబడుతూ సంగతంతా చెబుతుండగానే కారు వచ్చింది.

నర్సయ్య దిగాడు. చేతిలో సామాను కూడా లేదు. టెంటు కింద నిలబడ్డ కొడుకును చూసి ఆగిపోయాడు. తర్వాత మెల్లగా వచ్చి వాడి ముఖం రెండు చేతులతో తడిమాడు.

"బాపూ, నేనే," అన్నాడు గంగాధర్.

ఆయన కొడుకు భుజం మీది తువ్వాల లాక్కుని ముఖం కప్పుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, సిగ్గుతో కొంత, సంతోషంతో కొంత. కాసేపటికి ఆయన తువ్వాల తీశాడు.

"ఎవడురా ఆ పోటో వెట్టింది?"

ఊరంతా నా వైపు చూసింది. పారిపోదామంటే ఇచ్చోడకు బస్సు వేళ కాదు. లచ్చవ్వ నాకూ ఆయనకూ మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఆ పిలగాన్ని ఏమనకు. నాలుగేండ్ల సంది నేను పిలిస్తే రాలేకపోతివి. గా పిలగాడు ఒక్క పోటోతోని తోలుకొచ్చిండు." లడ్డూ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

పూలదండలు వాపసు తీసుకోరు కాబట్టి అన్నీ నర్సయ్య మెడలో పడ్డాయి. నేను సేటుకు వీడియో కాల్ చేసి గంగాధర్‌ను చూపించాను.

"గిచ్చి సూడురా," అన్నాడు సేటు. గిచ్చాను. వాడు అబ్బా అన్నాడు. మా ఇద్దరి ఉద్యోగాలూ నిలబడ్డాయి. నర్సయ్య మళ్లీ దుబాయ్ పోలేదు, ఇప్పుడు పత్తి వేసుకుంటున్నాడు.

సాయంత్రం బయల్దేరుతుంటే ఒకావిడ గోడచాటు నుంచి పిలిచింది.

"సారూ, మా ఆయన మస్కట్‌ల ఉన్నడు. మూడేండ్లాయె, లీవ్ ఇస్తలేరు." అటూ ఇటూ చూసి, పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఒకటి నా చేతిలో పెట్టింది. "నాదే. జర గా దండ ఎయ్యవా?"

ఆ రోజు బాసర లడ్డూ చేతిలో పట్టుకుని ఘోరమైన శపథం చేశాను. ఊపిరున్న ఏ మనిషి ఫోటో చుట్టూ పువ్వు కాదు కదా, ఆకు కూడా పెట్టనని. మొన్న నా పెళ్లిలో దండలు మార్చుకుంటుండగా గంగాధర్ ఫోటో తీసి స్టేటస్ పెట్టబోయాడు. దండ సగంలో వదిలేసి, వాడి చేతిలో ఫోను లాక్కున్నాను.