ఆరింటికి వణికే కుక్క

మచిలీపట్నంలో నేను కుక్కల ప్రవర్తన చూసి శిక్షణ ఇస్తానని తెలిసినవాళ్లు, ఎక్కువగా కరిచే కుక్కల కోసమే పిలుస్తారు. గుడివాడ నుంచి ఒక నర్సు చేసిన ఫోన్ మాత్రం వేరు.

"మా ల్యాబ్రడార్ కుక్క రోజూ సాయంత్రం వణికిపోతోందండీ. చనిపోయిన మావయ్యగారు వస్తున్నారని అత్తయ్యగారు అంటున్నారు."

ముందు పశువుల డాక్టరుకి చూపించమన్నాను. నొప్పీ, జబ్బూ ఏమీ లేవని తేలాక బస్సెక్కాను.

వరండాలో కూర్చున్న అత్తగారు నన్ను తేరిపార చూశారు. "కుక్కలకి కూడా చదువులుంటాయా అమ్మా?"

"కుక్కలకి కాదు మామ్మగారూ, వాటిని చూడ్డానికి నాకు."

ఆవిడ నవ్వి, సంగతంతా చెప్పారు. భర్త రోజూ ఆరింటికి చర్చి నుంచి వచ్చేవారట. ఆయన పోయాక, అదే వేళకి కుక్క గుమ్మం వైపు చూసి, పరుగున వెళ్లి ఆయన మంచం కింద దూరుతోంది. "మీరేం చెప్పినా సరే, అది ఆయన్నే చూస్తోంది."

నేను కాదనలేదు. కుక్కకి ఏదో తెలుస్తోందన్నది నిజమే. కానీ చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల మధ్య ముడుచుకుంటుందట. అది భయం. అంతగా ప్రేమించిన మనిషే వస్తుంటే భయమెందుకు? ఆ ప్రశ్నే నన్ను సాయంత్రం దాకా అక్కడ కూర్చోబెట్టింది.

మధ్యాహ్నమంతా కుక్క నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. పొద్దు వాలుతుంటే నర్సు కిటికీలు మూసింది. ఆఫీసు నుంచి వచ్చిన ఆమె భర్త, గుమ్మం పక్క మేకుకున్న దోమల బ్యాట్ అందుకున్నాడు. కుక్క తల ఎత్తి అటే చూసింది. బ్యాట్ టప్పుమంది. నా ఒడి ఖాళీ అయింది, కుక్క మంచం కింద దూరింది.

"అది ఎప్పుడు కొన్నారండీ?" అనడిగాను.

అతను చేతిలోని బ్యాట్ తిప్పి చూశాడు. "నాన్నగారి సమాధి కార్యక్రమానికి చుట్టాలొచ్చారు కదా, దోమలు పీకేస్తున్నాయని అప్పుడే కొన్నాం."

కొన్నాళ్లు దాన్ని ఇంట్లో వాడొద్దన్నాను. తర్వాతి వారం వెళ్లేసరికి, ఆరు దాటినా కుక్క మామ్మగారి పాదాల దగ్గర హాయిగా నిద్రపోతోంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఆవిడ తప్ప.

"అయితే ఆయన రావట్లేదన్నమాట."

"నాకు తెలిసింది కుక్క గురించేనండీ," అన్నాను.

ఆవిడ వంగి కుక్క తల నిమురుతూ అడిగారు: "మరి ఇన్ని గదులుండగా ఆయన మంచం కిందకే ఎందుకెళ్లింది?"

నాకూ అదే సందేహం. ఆ మంచానికి దోమతెర ఉంది కాబట్టి ఆ గదిలో బ్యాట్ మోగదు, అదొక కారణం. ఇంకేదైనా ఉందేమోనని, "ఇదివరకు ఉరుములొస్తే ఎక్కడికి వెళ్లేది?" అన్నాను.

"అక్కడికే. ఆయన మంచం మీంచి చెయ్యి కిందకి వేలాడేసేవారు. దాన్ని ఆనుకుని పడుకునేది."

"భయం వేస్తే ఎక్కడికెళ్లాలో అది ఆయన దగ్గరే నేర్చుకుందండీ. ఇంకా మర్చిపోలేదు."

ఆవిడ కళ్లు ఒత్తుకున్నారు.

భయం పోగొట్టే పని ఆవిడే చేస్తానన్నారు. ఫోన్లో రికార్డు చేసిన టప్పుమనే చప్పుడు, వినీ వినిపించనంత మెల్లగా పెట్టడం, వెంటనే ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టడం. ఒకసారి తొందరపడి శబ్దం పెంచితే కుక్క మళ్లీ పారిపోయింది. తిట్టకుండా, మొదటి నుంచి మొదలుపెట్టారు. చలికాలం పోయేసరికి, బ్యాట్ నిజంగా మోగినా అది మామ్మగారి చేతి వైపే చూసేది, ముక్క ఏదీ అన్నట్టు.

ఇప్పటికీ ఆవిడ ఫోన్ చేస్తుంటారు. మొన్న, "పడుకునే ముందు గుండ్రంగా ఎందుకు తిరుగుతుందమ్మా?" అన్నారు.

"ఎవరికీ గట్టిగా తెలీదండీ."

"అయితే నేనే చూసి చెప్తాలే," అని పెట్టేశారు.