విజయలక్ష్మిగారింటి పీపీ నంబరు

గురజాలలో ఆ వీధికంతటికీ ఒకే ఒక్క ఫోను ఉన్న కాలంలో విజయలక్ష్మి ఆ వీధికి సగం పెద్దమనిషి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, తెలియనట్టు నటించేదేమీ కాదు. పెళ్లి శుభలేఖల మీద, ఉద్యోగాల అర్జీల మీద ఆమె ఇంటి నంబరు వేసుకుని పక్కన పీపీ అని రాసుకున్న ఇళ్లు వీధిలో సగానికి పైగా ఉండేవి. ఫోను పక్కింటివాళ్లది, మమ్మల్ని పిలిచి పెట్టమని దానర్థం. ఫోను మోగితే చాలు, విజయలక్ష్మి పొయ్యి మీది కూర దించి, కొంగు దోపుకుని, పేరు పెట్టి కేకలేస్తూ బయల్దేరేది. ఈ ఊడిగం మనకెందుకని భర్త లక్ష్మీనారాయణ గొణిగేవాడు. ఆమెకది ఊడిగంగా ఎన్నడూ అనిపించలేదు. పదో తరగతి తప్పి, పెళ్లయి, వంటింట్లో పడ్డ మనిషిని నలుగురూ వెతుక్కుంటూ రావడం ఆమెకు బాగుండేది.

తర్వాత ఒక్కొక్కరే ఫోన్లు పెట్టించుకున్నారు. చివరికి పీపీ మనిషి ఒక్క కృపమ్మే మిగిలింది.

కృపమ్మది వెనక వీధి. మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేది. కూతురు శాంతి వేరే మతం లారీ డ్రైవరుతో వెళ్లిపోయి పెళ్లి చేసుకుంది. తండ్రి పున్నయ్య చర్చి సంఘంలో పెద్ద. ఆ పిల్ల పేరు ఈ ఇంట్లో ఎత్తినవాళ్లకు ఇక్కడ కూడు లేదని ఒకే ఒక్క మాట అన్నాడు. ఆ మాట దాటే ధైర్యం కృపమ్మకు లేదు, కూతుర్ని వదులుకునే గుండే లేదు. అందుకని ఆదివారం సాయంత్రం పున్నయ్య ప్రార్థనకు వెళ్లగానే వచ్చి విజయలక్ష్మి ఇంటి మెట్టు మీద కూర్చునేది. ఆదివారం ఎస్టీడీ రేటు తక్కువ. లారీ ఏ ఊళ్లో ఆగితే ఆ ఊరి బూతు నుంచి శాంతి ఫోను చేసేది. పెద్ద మాటలేమీ ఉండేవి కావు. ఏం కూర వండావు, దగ్గు తగ్గిందా, అంతే. మాట్లాడటం అయ్యాక కృపమ్మ రిసీవరును కొంగుతో రెండుసార్లు తుడిచి పెట్టేది. తన చేతుల కారం అంటుకుని ఇంకొకరి చెంప మండుతుందని భయం.

అలాంటి ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. లక్ష్మీనారాయణ ప్లీడరు దగ్గర గుమాస్తా. సోమవారం హైకోర్టులో ఏ కేసు ఏ బెంచి ముందుకొస్తుందో ఆదివారం సాయంత్రమే ఇంటర్నెట్‌లో చూసి చెప్పచ్చని ఎవరో అతని చెవిలో వేశారు. ఫోను తీగ పీకి మోడెంకి తగిలించాడు. అది కాసేపు కీచుకీచుమని, బుస్సుమని, దయ కలిగితే కలిసేది. ఆ కేసుల జాబితా సగం దిగేసరికి తెగేది. మళ్లీ నొక్కేవాడు, మళ్లీ తెగేది.

ఇక రోగం వెతకడం మొదలైంది. తీగ మార్చాడు. వంటింట్లో ఉన్న రెండో ఫోను ఊడబీకాడు. కోతులు కొరికాయేమోనని స్తంభం దాకా తీగ తడుముకుంటూ పోయాడు. లైన్‌మన్‌ని పిలిచి కాఫీలు పోశాడు. విజయలక్ష్మి మాత్రం ఇది దిష్టి తప్ప మరొకటి కాదని తేల్చి, మోడెం చుట్టూ ఎర్రనీళ్లు తిప్పి వాకిట్లో పారబోసింది. దానికీ లొంగలేదు.

ఈ గొడవలో కృపమ్మకు ఫోను రావడం ఆగిపోయింది. ఆదివారం వచ్చి కూర్చునేది, పున్నయ్య వచ్చే వేళకు లేచి పోయేది. ఒక్క గంట లైను వదలమని విజయలక్ష్మి భర్తనడిగింది. ఇదేమన్నా ఎస్టీడీ బూతా అన్నాడతను. ఆమె రెట్టించలేదు. నిజం చెప్పాలంటే రెట్టించాలని ఆమెకూ లేదు. సోమవారం పొద్దున్నే కక్షిదారులు గుమ్మంలో నిలబడి జాబితా ఏమైందని అడుగుతుంటే, పోయిన పెద్దరికం మళ్లీ వచ్చినట్టుంది. అవసరమైతే శాంతే ఇంకో రోజు చేస్తుందిలే అనుకుంది.

చివరికి ఎక్స్ఛేంజిలో ఎవరో అసలు సంగతి చెప్పారు. ఆ లైనుకు కాల్ వెయిటింగ్ ఉంది. లైను వాడుకలో ఉండగా ఇంకో కాల్ వస్తే టిక్కుమంటుంది. ఆ టిక్కుకే ఇంటర్నెట్ తెగుతోంది. లక్ష్మీనారాయణ అప్పటికప్పుడు ఆ సౌకర్యం తీయించేశాడు. ఆ ఆదివారం జాబితా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కసారి కూడా తెగకుండా దిగింది. రోగం కుదిరిందని పకోడీలు వేయించుకు తిన్నాడు.

ప్రతి ఆదివారం అదే వేళకు వస్తున్న ఆ కాల్ ఎవరిదో అప్పుడైనా విజయలక్ష్మికి తట్టలేదు. పకోడీలు పొట్లం కట్టి మెట్టు మీద ఉన్న కృపమ్మకిచ్చి, ఆడపిల్ల సంసారంలో పడితే తీరిక ఎక్కడుంటుందని ఓదార్చింది కూడా. మర్చిపోయిందిలే వదినా అని కృపమ్మ పొట్లం కొంగున కట్టుకుని వెళ్లింది.

వేసవిలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. శాంతి. విజయలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. ఉండు, మీ అమ్మను పిలుచుకొస్తానంది.

"వద్దులే అత్తా. ఇన్ని వారాలు చేశాను. మొదట్లో ఎత్తీ ఎత్తగానే చెవులు పగిలేట్టు ఏందో కూత పెట్టేవోళ్లు. తర్వాత ఎప్పుడు చేసినా ఎంగేజే. రిసీవరు తీసి పక్కన పెట్టారని తెలుస్తానే ఉంది. అమ్మే చెప్పుంటది, నాతో మాట్లాడనని. మీ తప్పేం లేదు. ఇంక చెయ్యనని చెబుదామనే చేశా."

అది కాదే తల్లీ, ఇంటర్నెట్టే అని విజయలక్ష్మి మొదలుపెట్టేసరికే లైను పోయింది. ఎక్కడి నుంచి చేసిందో తెలిసే దారి లేదు. ఏడుపు వచ్చింది. భర్త మీద కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ తన మీద తనకు అసహ్యం వేసింది. చెప్పులైనా వేసుకోకుండా మిరపకాయల కొట్టు దాకా నడిచింది.

కొట్టు నిండా ఘాటు. ఆడవాళ్లు ముఖాలకు గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చున్నారు. కృపమ్మను బయటికి పిలిచి, శాంతి ఫోను చేసిందనీ, ఇన్నాళ్లూ ప్రతి ఆదివారం చేస్తూనే ఉందనీ, తమ ఇంటర్నెట్ వల్ల కలవలేదనీ ఒక్క గుక్కలో చెప్పింది. తిడుతుందని చూసింది. తిడితే బాగుండుననుకుంది.

కృపమ్మ ముఖానికున్న గుడ్డ విప్పింది.

"పతివారం చేసిందా?"

"చేసింది."

"ఒక్క వారం గూడా మానలా?"

"మానలేదు."

కృపమ్మ గోడకు చేరగిలబడి నవ్వింది. పున్నయ్యకు తెలుస్తుందన్న భయం కూడా మరిచి, లోపలి వాళ్లకు వినపడేలా మా శాంతి నన్ను మర్చిపోలేదంట అని చెప్పుకుంది. ఆ ముఖం చూశాక మిగతా ముక్క విజయలక్ష్మి నోట రాలేదు.

లక్ష్మీనారాయణ భార్య చేత తిట్లు పడి, ఆదివారం సాయంత్రాలు కంప్యూటరు జోలికి పోవడం మానేశాడు. ఇప్పుడు లైను ఖాళీగానే ఉంటోంది. కృపమ్మ ఇదివరకటికంటే ముందే వస్తోంది, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని. చీకటి పడ్డాక లేస్తూ, తలుపు దగ్గర నిలబడ్డ విజయలక్ష్మికే ధైర్యం చెబుతోంది.

"లారీ యాడ ఆగిందో ఏమో. వచ్చే వారం చేస్తదిలే వదినా, నువ్వు బాధపడమాక."