కళ్ళు మూసుకుని కొన్న కటింగ్ మెషిన్

మా అత్తయ్య ఏ వస్తువు కొన్నా కళ్ళు మూసుకునే కొంటుంది. నిజంగానే మూసుకుంటుంది. వస్తువును వేళ్ళతో ఆ చివర నుంచి ఈ చివరిదాకా తడిమి, నచ్చితేనే కళ్ళు తెరిచి బేరం మొదలెడుతుంది.

ఒకసారి కుర్చీ చేతులు నిమురుతూ ఎంతసేపు నిలబడిపోయిందంటే, దుకాణం అతను కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. వాళ్ళింట్లో ఏ రెండు కప్పులూ ఒక్కలా ఉండవు. ఒకదాని పిడి లావు, ఇంకోదానిది సన్నం, మరోదానికి అసలు పిడే లేదు. "ఇదేం సెట్టు అత్తయ్యా?" అంటే, "నువ్వు తాగేది కప్పునా, కాఫీనా?" అని నా నోరు మూయించేది.

అలాంటి మనిషిని అట్టలు కోసే కటింగ్ మెషిన్ కొనడానికి నేనే వెంటబెట్టుకెళ్ళాను. ఏళ్ళ తరబడి బట్టలు కుట్టిన మనిషి, కోత సంగతి ఆవిడకి తెలుసు. నాకు తెలిసిందల్లా బోర్డు ఆటలు కనిపెట్టడం. అదీ నేను అనుకోవడమే. నేను కత్తెర పడితే గుండ్రటి పావు కాస్తా బంగాళాదుంప అవుతుంది. ఆటవస్తువులమ్మే పెద్దమనిషి నా కిందటి నమూనా చూసి, "మీ ఇంట్లో ఎలుకలున్నాయా?" అని అడిగాడు. ఈ ఆదివారం కొత్త ఆట చూడ్డానికి ఇంటికే వస్తానన్నాడు. ఇదే ఆఖరిసారి అని కూడా అన్నాడు.

దుకాణంలో తెల్లటి మెషిన్ ఒకటి చూసి మనసు పారేసుకున్నాను. రంగుల తెర, చప్పుడు లేదు, స్టిక్కర్లు చకచకా కోసేస్తోంది.

అత్తయ్య సంచిలోంచి మందపాటి అట్ట తీసింది. "ఇది కొయ్యించు బాబూ."

తెల్లది మూలిగి ఆగిపోయింది. మూలనున్న బండ మెషిన్ మాత్రం గీసిన గీత మీదే మళ్ళీ మళ్ళీ గీసి, చివరికి ఒక బిళ్ళను రాల్చింది. అత్తయ్య కళ్ళు మూసుకుని దాని అంచు తడిమింది.

"ఇదే."

"చూడ్డానికి ఇనప్పెట్టెలా ఉందత్తయ్యా!"

"అయితే చూడకు."

దారిలో అడిగింది, "నాలుగు జట్ల పావులూ గుండ్రంగానే ఉండాలంట్రా?"

"నాలుగు రంగులున్నాయిగా! ఎవరైనా గుర్తుపడతారు," అన్నాను గొప్పగా.

"కోత నాకొదిలెయ్, నువ్వు పెట్టె మీద బొమ్మ వేసుకో," అని మెషిన్‌ను వాళ్ళింటికే పట్టుకుపోయింది.

ఆదివారం పెద్దమనిషి వచ్చాడు. మామయ్య కూడా బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయనకి చూపు పోయి చాలా ఏళ్ళయింది. అందుకే మా ఆటలన్నిటికీ ఆయన్ని అంపైరుగా వేశాను. కళ్ళు కనిపించని మనిషికి అంపైరు ఉద్యోగం ఇచ్చి, ఎంత మర్యాద చేశానో అని మురిసిపోయేవాణ్ణి కూడా.

అత్తయ్య పావులు సర్దిన పెట్టె తెరిచాను. ఎర్రవి గుండ్రంగా, నీలంవి పలకలుగా, పచ్చవాటికి అంచున గాటు, పసుపువాటికి మధ్యలో చిల్లు! బోర్డు మీద గళ్ళన్నీ పావులు కదలకుండా కూర్చునేలా గుంటలు పడి ఉన్నాయి.

"అత్తయ్యా, నా ఆట!"

"నీ ఆటేరా. ఆడు."

మామయ్య పావుల్ని తడిమి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "గాటున్నవి నావి. అంపైరుగా ఇంకెవరినైనా చూసుకోరా."

పెద్దమనిషి కూడా కళ్ళు మూసుకుని ఒక పావు తడిమాడు. "బాగుందే! కాస్త జరగండి, నేనూ ఆడతాను," అన్నాడు.

ఆట మధ్యలో కాఫీ వచ్చింది. మామయ్య కప్పుల మీదుగా చెయ్యి పోనిచ్చి, తడుముకోకుండా లావు పిడి ఉన్నది తీసుకున్నాడు. అదీ చూశాక గానీ, ఇన్నేళ్ళుగా అత్తయ్య ఎవరి వేళ్ళతో కొంటోందో నా బుర్రకెక్కలేదు.

పెద్దమనిషి రెండో ఆట కూడా ఆడి, నమూనా చంకన పెట్టుకుని, "దీన్ని నేను అమ్ముతాను," అన్నాడు.

రెండు ఆటలూ మామయ్యే గెలిచాడు. "ఇంత తేలికైన ఆటని ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేంరా?" అని వెక్కిరించాడు కూడా.

నేను చిత్తుగా ఓడిపోయాను. పైగా కళ్ళు తెరుచుకుని.