పోగులు వేయని ఆదివారం

2011, వానాకాలం. అప్పుడు నేను కోదాడలో పశువైద్యుడిని. పందుల షెడ్డు నుంచి ఫోన్ వస్తే మొహం చిట్లించేవాళ్లే మా డాక్టర్లలో ఎక్కువ. నాకు మాత్రం పందులంటే ఇష్టం. నవ్వకండి, వాటంత తెలివైన పేషెంట్లు నాకింకా తగల్లేదు.

ఆ ఆదివారం పొద్దున గరిడేపల్లి దగ్గర ఎల్లమ్మ షెడ్డుకు వెళ్లాను. భర్త పోయాక ఆమె బతుకంతా ఆ పందుల మీదే. అప్పటికే కొన్ని పిల్లలు చచ్చిపోయాయి. మిగిలినవి ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి. చెవులు ఊదారంగుకు తిరిగాయి, లేచినవి వెనక కాళ్లు ఈడుస్తున్నాయి. స్వైన్ ఫీవర్ అనే వైరస్ జ్వరమేమోనని అనుమానం వచ్చింది. కానీ నేనెరిగిన స్వైన్ ఫీవర్ చూస్తుండగానే మందను ఊడ్చేస్తుంది. ఇదేమో నెమ్మదిగా, ఏడిపించి చంపుతోంది.

పెద్ద ఆడపందిని అప్పటికే కోతకు కట్టేశారు.

"ఎటూ బతకది సారూ. పోగులేస్తున్నం" అంది ఎల్లమ్మ.

మా దగ్గర ఒక జీవాన్ని కోస్తే మాంసాన్ని సమానంగా కుప్పలు పెట్టి చుట్టాలంతా పంచుకుంటారు. ఆ కుప్పలే పోగులు. మిర్యాలగూడ నుంచి ఆడబిడ్డ సైదమ్మ, హాలియా నుంచి మరిది గిన్నెలు పట్టుకుని వచ్చారు. వాళ్లకూ పందుల షెడ్లున్నాయి.

"కోయొద్దమ్మా, పూడ్చాలె" అన్నాను.

సైదమ్మ లేచింది. "తింటే మాకు రోగమొస్తదా?"

వస్తదని అబద్ధం చెబితే నా పని సులువయ్యేది. నోరు రాలేదు. "మనుషులకు రాదు" అన్నాను.

"మరింకేంది? గింత దూరం ఉత్తగనే వచ్చినమా?"

"మాంసం కడిగిన నీళ్లు, తిని పారేసిన బొక్కలు ఎటు పోతయి? మీ పందుల తొట్లకే గద. మీ షెడ్డు గూడ ఖతమైతది."

చుట్టాలను ఉత్తచేతులతో పంపడం మా వైపు చిన్న విషయం కాదు. పైగా ఎల్లమ్మకు చివరికి మిగిలింది ఆ మాంసమే.  అయినా ఆమె కత్తి తీసి పక్కన పెట్టింది.

"నాదెట్లనో పోయింది. ఆడబిడ్డ ఇల్లు గూడ ముంచుతనా? గుంత తవ్విస్త సారూ."

సైదమ్మ తిట్టుకుంటూ బస్సెక్కింది. నేను ఇంజక్షన్‌తో ఆ పంది బాధ తీర్చి శాంపిల్, అంటే పరీక్షకు పంపే నెత్తురూ ప్లీహం ముక్కా తీసుకున్నాను. మిగతాదంతా సున్నం పోసి పూడ్చాం.

జబ్బు పాతదే, వైరస్ మాత్రం కొత్త స్ట్రెయిన్, అంటే మారిన రకం అని ల్యాబ్ వాళ్లు చెప్పారు. పాత టీకా దాని మీద కూడా పనిచేస్తుందనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మిర్యాలగూడ, హాలియా డాక్టర్లతో కలిసి అక్కడి షెడ్లన్నీ తిరిగి టీకాలు వేశాం. సైదమ్మ మంద నిలిచింది. ఎల్లమ్మ మందలో ఒక్కటీ మిగల్లేదు.

మరుసటి ఏడు ఎల్లమ్మ నుంచి ఫోన్. "టీకా పట్టుకొని జర రా సారూ."

వెళ్తే ఖాళీ షెడ్డులో రెండు పందిపిల్లలు ఉరుకులాడుతున్నాయి. పక్కనే సైదమ్మ.

"గా దినం వదినను నోటికొచ్చినట్టు తిట్టిన సారూ. ఇగో, మా వదిన పోగు."

ఎల్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నేను టీకా సీసా తీశాను.

టీకా వేసినందుకు అందరూ నాకే దండం పెట్టారు. ఆ రోజు ఎల్లమ్మ కత్తి దించకపోతే నేను టీకా తెచ్చేలోపే ఆ షెడ్లన్నీ ఖాళీ అయ్యేవి. ఆ తల్లికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఇప్పటికీ ఏ షెడ్డుకు వెళ్లినా, జ్వరం చూడకముందే, మీ చుట్టాల్లో ఇంకెవరికి పందులున్నాయని అడుగుతాను.