గంజి కేంద్రం ఫొటోకు ఒక వాక్యం

కళ్యాణదుర్గంలో నేను పనిచేసే గ్రంథాలయంలో పుస్తకాల వివరాలన్నీ ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాం. ఇదివరకైతే బొమ్మలున్న పుస్తకానికి కార్డు మీద ‘సచిత్రం’ అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకునేవాళ్లం. ఇప్పుడు ప్రతి ఫొటోకూ ఒక వాక్యం రాయాలి. కంటికి కనిపించేదే రాయాలి, మనకు తెలిసిందీ అనుకున్నదీ రాయకూడదు. ఎవరు పెట్టారో గానీ మంచి రూలే అనుకున్నాను, ఆ కరువు పుస్తకం చేతికొచ్చేదాకా.

అట్ట ఊడిపోయిన పాత పుస్తకం. ఎండిన బావులు, డొక్కలు తేలిన ఎద్దులు. వాటికి టకటకా వాక్యాలు రాసేశాను. తర్వాతి పేజీలో గంజి కేంద్రం, అంటే కరువు రోజుల్లో ఆకలిగొన్నవాళ్లకు గంజి పోసిన చోటు. కింద మా ఊరి పేరుంది. జనం వరసగా కూర్చున్నారు, ముందర గంజి పోసిన సత్తు పళ్లేలు, మా వైపు తట్టలంటాం. మధ్యలో ఒకామె కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. కొంగు పట్టుకున్న చేతికి చిటికెన వేలు సగమే ఉంది.

చిన్నప్పుడు నాకు జడలు వేసిన చెయ్యి అది. ఆ సగం వేలు మెడకు తగిలితే చక్కిలిగిలి పుట్టేది. మా అవ్వ, నాయనను కన్న తల్లి. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు. కెమెరా కనిపిస్తే చాలు, లోపలికి వెళ్లిపోయేది.

నాయనకు భూములున్న ఇల్లని మహా పట్టింపు. “మనమెప్పుడూ గంజికి పోయినోళ్లం కాదు” అని అడగనివాళ్లకు కూడా చెప్తాడు.

‘ముఖం కప్పుకున్న స్త్రీ’ అని టైపు చేసి, చెరిపేశాను. కూరగాయలు తరుగుతున్నా, బస్సులో కూర్చున్నా ఆ చెయ్యే. పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే, లోపల చీకట్లో అవ్వ ఇంకా కొంగు పట్టుకునే కూర్చుందనిపించేది. భయమేసింది. సొంత అవ్వంటే భయమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. నాయనకు చూపిస్తే పరువు పోయిందని కుమిలిపోతాడు. చూపించకపోతే తల్లిని మళ్లీ చూసుకునే అవకాశం ఆయనకు ఇంకోటి రాదు. చూపు కూడా రోజురోజుకూ మందగిస్తోంది.

ఆదివారం, ఫోనులో తీసుకున్న ఆ ఫొటోను పెద్దది చేసి నాయన చేతికిచ్చాను.

“యాడిదిది?”

“మన ఊరిదే నాయనా. ఆ చెయ్యి చూడు.”

కోప్పడతాడనుకున్నాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“పక్కన మూతికంతా గంజి పూసుకున్నోడు నేనే” అన్నాడు. తర్వాత ఒక్కొక్కరి ముందున్న తట్ట మీదా వేలు పెడుతూ పోయి, అవ్వ దగ్గర ఆగిపోయాడు. “మాయమ్మ ముందర తట్ట లేదే.”

నిజమే. అన్నాళ్లూ ఆ చేతినే చూస్తూ నేను దాన్ని గమనించనే లేదు.

“‘నేను ముందే తాగినాలే, నువ్వు తాగప్పా’ అంటాండె” అన్నాడు. “ఈ బొమ్మకు ఏమని రాస్తావు?” అని అడిగాడు.

“ముఖం కప్పుకున్న స్త్రీ అని.”

“కొంగు సంగతి ఇడ్సిపెట్టు. తట్ట లేదని రాయి.”

ఫొటోలో లేనిదాన్ని రాయడానికి మా రూలు ఒప్పుకోదు. అయినా సోమవారం రాశాను: ‘గంజి కేంద్రంలో వరసగా కూర్చున్న జనం. ఒక స్త్రీ ముందు తట్ట లేదు.’

సాయంత్రం నాయనకు చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు, చదివాను.

“ఏ పొద్దూ నాకు చాల్లేదని ఏడుస్తాంటి పాపా” అన్నాడు. “మళ్లా పోయిస్తాండె. అది మాయమ్మ వంతని ఇప్పుడు తెలిసె.”