ఫ్లాపీలోకి ఎక్కని గుండె

తొంభైల చివర్లో నేను ఉదయగిరిలో సైన్సు టీచరును. ఆత్మకూరులో టీచర్ల ట్రైనింగు కోసం గుండె మీద కంప్యూటర్ పాఠం తయారు చేయమన్నారు. నెల్లూరు వెళ్లి ఇంటర్నెట్ సెంటర్లో వెతికితే, కొట్టుకుంటున్న గుండె వీడియో చిన్నది ఒకటి దొరికింది. లైను తెగినప్పుడల్లా మళ్లీ మొదటికొచ్చేది. అది దిగేసరికి సాయంత్రమైంది. దాన్ని పాఠంలో పెట్టి, పాఠం ఫైలును ఫ్లాపీలోకి ఎక్కించుకున్నాను. వీడియో కూడా దాంతోపాటే వస్తుందనుకున్నాను.

రాలేదు. ఆత్మకూరులో అందరి ముందూ నొక్కితే తెర మీద నల్లటి డబ్బా కనిపించింది. వీడియో నెల్లూరు కంప్యూటర్లోనే ఉండిపోయింది.

"దీనికి చార్టు చాలదా సార్?" అన్నారెవరో వెనక నుంచి.

ఒళ్లు మండింది. చార్టులో గుండె కొట్టుకుంటుందా అని అడగబోయి, ఫ్లాపీ బయటికి తీసి జేబులో వేసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి నాయన మంచం మీద గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. గుండె జబ్బు వల్ల పడుకుంటే ఆయనకు ఊపిరి ఆడేది కాదు.

"చూపించినావారా, ఆ గుండెని?"

"చూపించినాను నాయనా."

"బాగా కొట్టుకుంటా ఉండాదా?"

"బాగా కొట్టుకుంటా ఉండాది."

"పోనీలే, అదన్నా బాగుండాది," అన్నాడు నాయన.